గృహాలలో కుషన్ కుర్చీల శుభ్రత, సంరక్షణ: నారల స్వభావాన్ని బట్టి అనుసరించవలసిన పద్ధతులు

సారాంశం

మెత్తలు బిగించిన కుర్చీలు, సోఫాలు నేడు పట్టణాలలోనే కాక గ్రామీణ గృహాలలో కూడా సాధారణ గృహోపకరణాలయ్యాయి. వీటి పైగుడ్డను విప్పి ఉతకడం సాధ్యం కాకపోవడం వలన దుమ్ము, నూనె, తేమ లోపలి మెత్తలో నిలిచి బూజుకు, ధూళి నల్లులకు ఆశ్రయమిస్తాయి. కుర్చీ నిర్మాణం, పైగుడ్డ నార, లోపలి మెత్త స్వభావాలను బట్టి శుభ్రపరచే విధానాన్ని ఎంచుకొనే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పొడి మురికిని పొడిగానే తీయడం, వీలైనంత తక్కువ తడి వాడడం, చేరిన తడిని ఆ రోజే ఆరబెట్టడం అనే మూడు సూత్రాలు ఇందులో కీలకం. వ్యవసాయ కుటుంబాలలో పురుగుమందుల అవశేషాలు కుర్చీ మెత్తలకు చేరే మార్గాలు, నివారణ, విస్తరణ కార్యక్రమాలకు తగిన ప్రదర్శనలు కూడా చర్చించడమైనది.

కీలక పదాలు: కుషన్ కుర్చీలు, నారలు, ధూళి నల్లులు, మరకలు, బూజు, పురుగుమందుల అవశేషాలు

ఉపోద్ఘాతం

వాక్యూమ్ క్లీనర్ చరిత్రలో కుషన్ కుర్చీకి ఒక స్థానం ఉంది. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో తన యంత్రాన్ని రూపొందించడానికి ముందు, లండన్‌లోని ఒక భోజనశాలలో కుర్చీ మెత్తపై చేతిరుమాలు పరచి నోటితో గాలిని లోపలికి పీల్చాడని, రుమాలుకు అంటిన దుమ్మును చూసి తన ఆలోచన సరైనదని నిర్ధారించుకొన్నాడని చెబుతారు. పైకి శుభ్రంగా కనిపించే మెత్తలో ఎంత దుమ్ము దాగి ఉంటుందో ఈ చిన్న పరీక్ష తెలియజేస్తుంది.

చెక్క కుర్చీని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. దుప్పటిని ఉతికి ఆరవేయవచ్చు. కుషన్ కుర్చీకి ఈ రెండు పద్ధతులూ పూర్తిగా వర్తించవు. తడిగుడ్డతో రుద్దితే పైనున్న దుమ్ము బురదగా మారి నూలు పోగుల మధ్యకు చేరుతుంది. నీరు పోసి కడిగితే పైగుడ్డ ఆరినా లోపలి మెత్త రోజుల తరబడి తడిగానే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాలలో ఈ సమస్య మరింత తీవ్రం. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో పొడి వాతావరణం వలన ఆరుదల సులువైనా వేసవిలో దుమ్ము ఎక్కువ. కావున ఒకే పద్ధతిని అన్ని ఇళ్లకూ సిఫారసు చేయడం సరికాదు.

కుర్చీ నిర్మాణం

కుషన్ కుర్చీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది చెక్క లేదా ఇనుప చట్రం. రెండవది బరువును మోసే ఆధారం; ఇది జనపనార లేదా ఎలాస్టిక్ పట్టీలతో గానీ, స్ప్రింగులతో గానీ, పలకతో గానీ ఉంటుంది. మూడవది మెత్త. నాలుగవది పైగుడ్డ.

మెత్తలో వాడే పదార్థాలలో అధిక భాగం వ్యవసాయోత్పత్తులే కావడం గమనార్హం. పత్తి దూది తేమను బాగా పీల్చుకొంటుంది. తడిస్తే ఉండలు కట్టి గట్టిపడుతుంది. దానిని విప్పి ఎండబెట్టి, ఏకించి తిరిగి నింపవలసి ఉంటుంది. బూరుగు దూది పోగుల పైన సహజమైన మైనపు పొర ఉండడం వలన అవి నీటిని సులభంగా పీల్చవు. కానీ ఉతికితే అవి అణగి మెత్తదనాన్ని కోల్పోతాయి. కొబ్బరి పీచులో లిగ్నిన్ అధికంగా ఉండడం వలన అది త్వరగా కుళ్లదు. పీచుపై రబ్బరు పాలు చల్లి తయారుచేసే రబ్బరు పీచు మెత్తలలో గాలి బాగా ఆడుతుంది, అయితే నూనె, తీవ్రమైన ఎండ తగిలితే రబ్బరు పెళుసెక్కుతుంది. నేడు ఎక్కువగా వాడుతున్న పాలియురెథేన్ ఫోమ్ తెరచిన గదుల నిర్మాణం కలది. అది నీటిని స్పాంజివలె నిలుపుకొంటుంది, ఎండకు పసుపు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. ఇది సులభంగా మండే పదార్థం. మండినపుడు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు వంటి విషవాయువులు వెలువడతాయి.

పైగుడ్డ నారను గుర్తించుట

శుభ్రపరచే పదార్థాన్ని ఎంచుకొనే ముందు నారను గుర్తించాలి. కుర్చీ అడుగున మడతలో నుండి ఒకటి రెండు పోగులు లాగి, కుర్చీకి దూరంగా, నీళ్ల పళ్లెంపై పట్టకారతో పట్టుకొని కాల్చి చూడవచ్చు. నూలు, జనపనార, విస్కోస్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిదనిస్తాయి. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసననిస్తూ, నలిపితే పొడి అయ్యే నల్లని పూసను మిగులుస్తాయి. పాలియెస్టరు, నైలాను కరిగి గట్టి పూసగా మారతాయి. మిశ్రమ నారలలో ఈ లక్షణాలు కలగలసి కనిపిస్తాయి.

ప్రామాణిక పరిస్థితులలో నారలు గ్రహించే తేమ శాతం వాటి ఆరుదలను అంచనా వేయడానికి తోడ్పడుతుంది. ఇది పాలియెస్టరులో సుమారు 0.4, నైలానులో 4, నూలులో 8.5, పట్టులో 11, విస్కోస్‌లో 13, ఉన్నిలో 16 శాతం వరకు ఉంటుంది. పాలియెస్టరు నీటిని పట్టదు గానీ నూనెను గట్టిగా పట్టి ఉంచుతుంది. నూలు తడిసినపుడు బలపడుతుంది, విస్కోస్ మాత్రం తడిసినపుడు దాదాపు సగం బలాన్ని కోల్పోతుంది. అందువలన తడి విస్కోస్‌ను బ్రష్షుతో రుద్దరాదు. పట్టు, ఉన్ని మాంసకృత్తుల నారలు. చాకలిసోడా వంటి క్షారాలు వీటిని దెబ్బతీస్తాయి, క్లోరిన్ బ్లీచింగ్ ద్రావణం కరిగిస్తుంది. నూలుకు క్షారాల కంటే ఆమ్లాల వలన హాని ఎక్కువ.

కొన్ని కుర్చీల అడుగున ఉండే పట్టీపై ఇంగ్లీషు అక్షరాలలో సంకేతాలు ముద్రించి ఉంటాయి. ‘డబ్ల్యు’ అంటే నీటితో కలిపిన శుభ్రకారి వాడవచ్చునని, ‘ఎస్’ అంటే నీరు లేని ద్రావణి మాత్రమే వాడాలని, ‘డబ్ల్యు ఎస్’ అంటే రెండూ వాడవచ్చునని, ‘ఎక్స్’ అంటే దుమ్ము పీల్చడం లేదా మృదువుగా దులపడం తప్ప మరేదీ చేయరాదని అర్థం. పట్టీ లేని కుర్చీలకు రంగు పరీక్ష తప్పనిసరి. కనిపించని చోట వాడదలచిన ద్రావణాన్ని చుక్క వేసి, తెల్లని గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ ద్రావణాన్ని వాడరాదు.

నిత్య సంరక్షణ

వారానికొకసారి దుమ్ము తీయడం వలన కుర్చీ ఆయుష్షు పెరుగుతుంది. దుమ్ములోని ఇసుక రేణువులు కూర్చున్న ప్రతిసారీ పోగులపై ఒరుసుకొని వాటిని కోస్తాయి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మెత్తలకు ఉద్దేశించిన వెడల్పు మూతితో పైభాగాన్ని, సన్నని మూతితో మూలలను, కుట్లను శుభ్రపరచాలి. మఖమల్ వంటి నూగు గుడ్డలపై నూగు వాలిన దిశలోనే బ్రష్షు నడపాలి.

యంత్రం లేని ఇళ్లలో గట్టిగా పిండిన తెల్లని నూలు గుడ్డను మెత్తపై పరచి చేతితో లేదా సన్నని బెత్తంతో తట్టాలి. లోపలి దుమ్ము లేచి తడిగుడ్డకు అంటుకొంటుంది, గదిలోకి చెదరదు. గుడ్డ మురికి కాగానే తిప్పి పరచి, గుడ్డకు దుమ్ము అంటని వరకు ఈ పని కొనసాగించాలి. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవారు ఈ పని చేయరాదు, ఆ సమయంలో గదిలో ఉండరాదు.

విడిగా తీయగలిగే మెత్తలను పదిహేను రోజులకొకసారి తిరగవేసి, స్థానాలు మార్చాలి. కిటికీ ఎండ నేరుగా పడే చోట కుర్చీని ఉంచితే రంగు వెలుస్తుంది, పట్టు పోగులు చిట్లుతాయి. గోడకు కొంత ఎడంగా ఉంచితే వెనుకవైపు గాలి ఆడుతుంది.

తల ఆనే చోట, చేతులు ఆనే చోట నూనె జిడ్డు ముందుగా చేరుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మకాస్సర్ నూనె అనే కేశతైలం మరకల నుండి కుర్చీలను కాపాడడానికి వీపు పైభాగాన చిన్న గుడ్డలు పరచే అలవాటు ఏర్పడింది. కొబ్బరి నూనె నిత్యం వాడే మన ఇళ్లకు ఈ ఏర్పాటు మరింత అవసరం. ఉతకడానికి వీలైన నూలు తొడుగు కుషన్ కుర్చీకి అన్నింటికంటే చౌకైన రక్షణ. తొడుగులను వారం నుండి పదిహేను రోజులలోపు ఉతకాలి.

తడి పద్ధతిలో శుభ్రపరచుట

నీటిని తట్టుకొనే గుడ్డలకు సంవత్సరానికి ఒకటి రెండు సార్లు తడి శుభ్రత చాలు. గాలి వీచే పొడి రోజున, ఉదయం పూట ఈ పని మొదలుపెట్టాలి. వర్షాకాలంలో ముసురు పట్టిన రోజులలో చేపట్టరాదు. పాటించవలసిన క్రమం ఇది:

1. ముందుగా దుమ్మును పూర్తిగా తొలగించాలి.
2. ఒక లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా మృదువైన ద్రవ డిటర్జెంటు వేసి బాగా గిలకొట్టి నురుగు రప్పించాలి. పట్టు, ఉన్ని గుడ్డలపై నీరు వాడవచ్చునని పరీక్షలో తేలితే కుంకుడు రసపు నురుగు అనుకూలం. దానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. లేత రంగు గుడ్డలపై అది గోధుమరంగు ఛాయను మిగల్చవచ్చు.
3. స్పాంజితో నురుగును మాత్రమే తీసుకొని, ఒక కుట్టు నుండి మరొక కుట్టు వరకు ఉన్న భాగాన్ని ఒకేసారి తేలికగా రుద్దాలి. మధ్యలో ఆపితే వలయాకారపు మరక ఏర్పడుతుంది.
4. మంచినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో రెండు మూడు సార్లు అద్ది సబ్బు అంశాన్ని తీసివేయాలి. మిగిలిన సబ్బు జిగటగా ఉండి కొత్త దుమ్మును ఆకర్షిస్తుంది.
5. పొడి తువ్వాలుతో అదిమి తేమను పీల్చాలి. మెత్తలను నిలబెట్టి ఇరువైపులా ఫ్యాను గాలి తగిలేటట్లు ఉంచాలి.

నూలు, జనపనార గుడ్డలు నెమ్మదిగా ఆరితే పోగులలోని, అడుగు పట్టీలలోని గోధుమరంగు పదార్థాలు తేమతో పాటు పైకి వచ్చి మరకలుగా నిలుస్తాయి. త్వరగా ఆరబెట్టడమే దీనికి నివారణ. మెత్త ఆరిందని నిర్ధారించుకొనడానికి కుట్టు వద్ద తెల్లని పొడి కాగితాన్ని బలంగా అదిమి చూడాలి. చల్లదనం తగిలినా, కాగితం మెత్తబడినా ఇంకా తడి ఉన్నట్లే.

మరకల తొలగింపు

ఒలికిన పదార్థాన్ని వెంటనే అద్ది తీయడం సగం చికిత్స. మరకను అంచుల నుండి మధ్యకు అద్దాలి, రుద్దరాదు.

నూనె, నెయ్యి: టాల్కం పొడి చల్లి కొన్ని గంటల తరువాత దులపాలి. మిగిలిన జాడను డిటర్జెంటు నురుగుతో తీయాలి. గోధుమ పిండి వంటివి వాడితే మిగిలిన రేణువులు పురుగులను ఆకర్షిస్తాయి.

పాలు, గుడ్డు, రక్తం: చల్లని నీటినే వాడాలి. వేడినీరు మాంసకృత్తులను గడ్డకట్టించి మరకను స్థిరపరుస్తుంది.

టీ, కాఫీ: చల్లని నీటితో అద్ది, ద్రవ డిటర్జెంటు నురుగుతో తీయాలి. నూలు గుడ్డపై మిగిలిన ఛాయకు ఒక వంతు తెల్ల వెనిగరు, రెండు వంతుల నీరు కలిపి అద్ది, మరల మంచినీటితో తుడవాలి. సబ్బు బిళ్లతో రుద్దితే టానిన్ మరక బిగుసుకొంటుంది.

పసుపు: ఇందులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, క్షారం తగిలితే ఎరుపు రంగుకు మారుతుంది. సబ్బు రాయగానే మరక ఎర్రబారడానికి కారణం ఇదే. ముందు పొడిని దులిపి, రంగు పరీక్ష తరువాత స్పిరిట్‌ను దూదితో అద్దాలి. కుర్కుమిన్ వెలుతురుకు క్షీణిస్తుంది గనుక విడదీయగల తెల్లని తొడుగులను ఎండలో ఆరవేస్తే మిగిలిన ఛాయ తగ్గుతుంది.

కుంకుమ: పసుపును సున్నం వంటి క్షారంతో కలిపి చేసిన కుంకుమలో రంగు కుర్కుమిన్‌దే, బజారు కుంకుమలో కృత్రిమ రంగులు కూడా ఉండవచ్చు. తడి తగలనీయకుండా ముందుగా దుమ్ము పీల్చే పద్ధతిలోనే తీయాలి.

మట్టి: నల్లరేగడి అయినా ఎర్రమట్టి అయినా పూర్తిగా ఆరనిచ్చి దులపాలి.

బాల్‌పెన్ సిరా: స్పిరిట్‌లో ముంచిన దూదిని మారుస్తూ అద్దాలి. కిటికీలు తెరచి, మంట దగ్గరలో లేకుండా చూడాలి.

బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగరు, నిమ్మరసం వంటి ఆమ్లాలతో కలిపితే క్లోరిన్ వాయువు, అమ్మోనియాతో కలిపితే క్లోరమిన్ వాయువులు వెలువడతాయి. ఇవి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. పెట్రోలు, కిరోసిన్‌తో సోఫాలను తుడిచే అలవాటును పూర్తిగా మాన్పించాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. నేలబారుగా వ్యాపించి దూరాన ఉన్న పొయ్యి వద్ద కూడా అంటుకొనగలదు. మెత్తలో ఇంకిన పెట్రోలు చాలాసేపు ఆవిరిని విడుదల చేస్తూనే ఉంటుంది.

రెగ్జిన్, తోలు కుర్చీలు

రెగ్జిన్‌గా వ్యవహరించే గుడ్డ నేడు అధికంగా పి.వి.సి. పూత కలిగినది. ఈ పూతకు మెత్తదనాన్నిచ్చే రసాయనాలను నూనెలు, స్పిరిట్, కిరోసిన్ బయటికి లాగివేస్తాయి. మెరుపు కోసం కొబ్బరి నూనె రాస్తే కొంతకాలానికి రెగ్జిన్ గట్టిపడి పగులుతుంది. పలుచని డిటర్జెంటు నీటితో తుడిచి, మంచినీటి గుడ్డతో తుడిచి, పొడిగా ఆరబెట్టడమే చాలు. పాలియురెథేన్ పూత కలిగిన కృత్రిమ తోలు తేమ వాతావరణంలో జలవిశ్లేషణకు గురై పొరలుగా ఊడిపోతుంది. కోస్తా ప్రాంతాలలో కొనుగోలుదారులకు ఈ విషయాన్ని ముందుగానే తెలియజేయడం మేలు. అసలు తోలును తడపరాదు. బూజు కనిపిస్తే ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి గాలికి ఉంచాలి.

నల్లులు, బూజు, పురుగుమందులు

తెలుగులో నల్లి అనే పేరు రెండు వేర్వేరు జీవులకు వాడుకలో ఉంది. ధూళి నల్లి, పైరుపై కనిపించే ఎర్రనల్లి వలె ఎనిమిది కాళ్ల జీవి. సుమారు 0.2 నుండి 0.3 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండి కంటికి ఆనదు. ఇది కుట్టదు; మనిషి చర్మం నుండి రాలే పొట్టును తిని బ్రతుకుతుంది. దీని విసర్జితాలలోని మాంసకృత్తులు ఉబ్బసం, ముక్కు కారడం వంటి అలర్జీలను ప్రేరేపిస్తాయి. ఇది నీరు తాగదు, గాలిలోని తేమను గ్రహిస్తుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత ఎక్కువ కాలం 50 శాతం కంటే తక్కువగా ఉంటే మనుగడ సాగించలేదు. కోస్తాలో ఆ స్థితి సహజంగా అరుదు గనుక దుమ్ము తొలగింపు, తొడుగుల ఉతుకులపైనే ఆధారపడాలి. తొడుగులను 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో ఉతికితే నల్లులు చస్తాయి. చల్లని నీరు అలర్జీ కారకాలను చాలావరకు కడిగివేసినా నల్లులను చంపదు.

మంచపు నల్లి ఆరు కాళ్ల కీటకం. ఉష్ణ ప్రాంతాలలో సైమెక్స్ హెమిప్టెరస్ అనే జాతి సాధారణం. ఇది కుట్లలో, చట్రం కీళ్లలో దాగి రాత్రిపూట రక్తం పీలుస్తుంది. ఆహారం లేకున్నా నెలల తరబడి బ్రతకగలదు. కుట్ల వెంట దుమ్ము పీల్చడం, ఆవిరి పట్టడం, తొడుగులను వేడినీటిలో ఉతకడం, చట్రం సందులను పూడ్చడం ప్రధాన చర్యలు. పాత సోఫాలు కొనేముందు అడుగు గుడ్డ విప్పి నల్లని చుక్కలకోసం పరిశీలించాలి. కుర్చీ కింద మెత్తని పిండి వంటి పొడి రాలితే చట్రానికి పుచ్చు పురుగు పట్టినట్లు గుర్తించాలి.

వ్యవసాయ కుటుంబాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నల్లులను చంపడానికి పైరుకు తెచ్చిన పురుగుమందును సోఫాపై పిచికారి చేయడం అత్యంత ప్రమాదకరం. క్రిమిసంహారక మందుల చట్టం, 1968 ప్రకారం ప్రతి మందూ నిర్దిష్ట వినియోగానికే నమోదవుతుంది; పంటలకు నమోదైన మందు గృహ వినియోగానికి ఉద్దేశించినది కాదు. ఆరుబయట ఎండ, వాన అవశేషాలను క్షీణింపజేస్తాయి. ఇంటిలోపల, మెత్త లోపల ఆ అవకాశం తక్కువ. ఆ కుర్చీపై పసిపిల్లలు పడుకొంటారు, చేతులు నోట పెట్టుకొంటారు. పిచికారి చేసి వచ్చిన దుస్తులతో కుషన్ కుర్చీలో కూర్చోవడం వలన కూడా అవశేషాలు మెత్తకు చేరతాయి. కుర్చీని ఉతకలేము గనుక అవి అక్కడే పేరుకొంటాయి. కావున వసారాలో ఒక ప్లాస్టిక్ లేదా చెక్క కుర్చీని ప్రత్యేకించి, స్నానం చేసి దుస్తులు మార్చిన తరువాతే లోపలి కుర్చీలలో కూర్చొనే అలవాటు చేయించాలి.

తడిసిన మెత్తలో 24 నుండి 48 గంటలలోనే బూజు మొదలు కావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని ఇళ్లను ముంచినపుడు వంటి సందర్భాలలో మురుగు కలిసిన నీటిలో నానిన మెత్తను కాపాడే ప్రయత్నం కంటే తొలగించడమే ఆరోగ్యకరం. చట్రాన్ని కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, కొత్త మెత్త, గుడ్డ వేయించుకొంటే ఖర్చులో కొంత భాగమైనా మిగులుతుంది. తొలగించే సమయంలో ముక్కుకు గుడ్డ లేదా మాస్కు, చేతులకు తొడుగులు ధరించాలి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

కృషి విజ్ఞాన కేంద్రాలలో, స్వయం సహాయక సంఘాల సమావేశాలలో తడిగుడ్డ పరచి తట్టే పద్ధతిని ప్రదర్శించడం సులువు. పనికి ముందు, తరువాత గుడ్డను పక్కపక్కన చూపితే వివరణ అవసరం ఉండదు. పసుపు మరకపై సబ్బు నీరు, నిమ్మరసం వంతులవారీగా వేసి రంగు మార్పును చూపితే మరకల చికిత్సలో ఆమ్ల, క్షార గుణాల పాత్ర స్పష్టమవుతుంది.

గృహ విజ్ఞాన విద్యార్థులకు ఆరుదల పరీక్ష ఉపయోగకరం. పత్తి దూది, రబ్బరు పీచు, ఫోమ్ మెత్తలను ఒకే పరిమాణంలో తీసుకొని, పొడి బరువు నమోదు చేసి, సమాన పరిమాణంలో నీరు చల్లి, తిరిగి మొదటి బరువుకు చేరే వరకు గంట గంటకు తూచాలి. ఇదే పరీక్షను ఫ్యాను గాలిలోను, మూసిన గదిలోను, వేసవిలోను, వర్షాకాలంలోను చేసి రేఖాచిత్రాలు గీస్తే తమ ప్రాంతానికి తగిన సిఫారసును విద్యార్థులే రూపొందించగలరు. సంబంధిత రోజుల సాపేక్ష ఆర్ద్రతను సమీప వాతావరణ పరిశీలన కేంద్రం నుండి సేకరించి జతపరచాలి.

సిఫారసులు చేసేటప్పుడు ఇంటిలో ఈ పని భారం సాధారణంగా మహిళలపైనే పడుతుందన్న వాస్తవాన్ని గుర్తుంచుకోవాలి. ఉతకగల తొడుగు, వసారాలో వేరుగా ఒక కుర్చీ వంటి ఏర్పాట్లు ఏడాది పొడవునా శ్రమను తగ్గిస్తాయి. కొనుగోలు సమయంలోనే జిప్పుతో విడదీయగల తొడుగులున్న కుర్చీలను ఎంచుకోవలసిందిగా కుటుంబాలకు సూచించాలి.

ముగింపు

కుషన్ కుర్చీ సంరక్షణకు ఖరీదైన రసాయనాలు అవసరం లేదు. నారను గుర్తించడం, దుమ్మును పొడిగా తీయడం, నురుగుతో మాత్రమే శుభ్రపరచడం, అదే రోజు ఆరబెట్టడం అనే క్రమాన్ని పాటిస్తే కుర్చీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు గల ఇళ్లలో, పురుగుమందులు వాడే రైతు కుటుంబాలలో ఈ జాగ్రత్తలు వస్తువు మన్నికకంటే ముందుగా ఆరోగ్య రక్షణకు సంబంధించినవి. కావున గృహ విజ్ఞాన విస్తరణలో పోషకాహారం, తాగునీటి అంశాలతో పాటు దీనికి కూడా తగిన చోటు కల్పించాలి.